పారదర్శకమా, తేటా?

సందేహం: పట్టు, సెల్యులోజ్ వంటి సహజ పాలిమర్లతో చేసి, ఒంట్లోకి వెలుగు పంపడానికి వాడే సన్నని తీగల గురించి ఒక వ్యాసం అనువదిస్తున్నాను. వెలుగును ఆపని పదార్థాన్ని 'పారదర్శకం' అనవచ్చా? ఆ మాట ఇప్పుడు టెండర్లకూ పాలనకూ అతుక్కుపోయింది. 'తేట' అంటే మరీ తేలికైపోతుందా?

సమాధానం: అతికించింది మనమే, మాట తప్పేం లేదు. 'పారం' అంటే అవతలి ఒడ్డు, దాన్ని చూపించేది పారదర్శకం. ఆ ఒడ్డు అందనిది అపారం, అక్కడికి చేరినవాడు పారంగతుడు, ఆ కొసదాకా చదివితే పారాయణం.

ఈ మాట దగ్గర పోతన్నను తలచుకోకుండా నేను కదలలేను. గజేంద్రుడి మొరలో సంస్కృత భాగవతం చీకటిని 'గహనం, గభీరం' అని రెండు మాటలతో చెప్పి, దానికి 'పారే', అంటే అవతలి ఒడ్డున, వెలిగే ప్రభువును తలుస్తుంది. పోతన్న ఆ రెంటి బరువునూ ఒక్క 'పెను' మీద మోపి 'పెంజీకటి కవ్వల' అన్నాడు. ఒడ్డు పోయి, ఉత్త 'అవ్వల' మిగిలింది. అర్థం చెడలేదు సరికదా, చీకటికి లోతు పెరిగింది. పారం అన్న మాట వాడకుండానే పారాన్ని చూపించడమంటే అదీ!

మీ తీగకు పారం దాని రెండో కొస. పట్టులోని ఫైబ్రోయిన్ అనే ప్రోటీన్ వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే కొలత, సుమారు 1.54. చుట్టూ ఉండే మెత్తని కణజాలానిది 1.4కు అటూ ఇటూ. లోపలిది బయటిదానికన్నా ఎక్కువ కాబట్టే వెలుగు చాలావరకు పక్కకు జారిపోకుండా, లోలోపలే పరావర్తనం చెందుతూ ఆ కొసకు చేరుతుంది. కిటికీ అద్దం కన్నా దీనికే పారదర్శకం అన్న పేరు బాగా నప్పుతుందని నా పక్షపాతం.

పాఠ్యపుస్తకాల 'అపారదర్శకం' మాత్రం నాకు గిట్టదు. అపారాన్ని దర్శింపజేసేదని విడదీస్తే ఇటుకకు ఎంత కీర్తి! కంటి విషయంలోనూ ఇంతే. ముందున్న తేట పొరకు 'శుక్లపటలం', అంటే తెల్లని పొర, అని పేరు పెట్టారు. నిజంగా తెల్లగా ఉండేది దాని పక్కనున్న దృఢస్తరం. రెంటిలోనూ ఉన్నది కొలాజెనే. సన్నని పోగులు ఒకే మందంలో, క్రమంగా అమరితే వెలుగు సాగిపోతుంది. లావూ సన్నమూ కలిసి అడ్డదిడ్డంగా పడితే చెదిరి తెల్లబడుతుంది. పేరు పెట్టినవారు అద్దంలో ఒకసారి చూసుకోవలసింది.

పారభాసకం అంటే వెలుగును రానిచ్చి రూపాన్ని చెదరగొట్టేది. దానితో పేచీ లేదు.

ఇక తేట. మడ్డి దిగి నీరు తేరుకుంటే తేట. పట్టుకాయలను సోడియం కార్బొనేట్ నీళ్లలో ఉడికించి, జిగురులాంటి సెరిసిన్‌ను వదిలించి, మిగిలిన ఫైబ్రోయిన్‌ను కరిగించి పలచగా ఆరబెడితే గాజులాంటి పొర వస్తుంది. మడ్డి పోయి తేరడమేగా ఇది! కాబట్టి తేట తేలిక మాట కాదు. అయితే కొలతలు చెప్పేచోట పారదర్శకమే ఉంచండి, వర్ణించేచోట తేట వాడండి. రెండూ ఒకే వాక్యంలో వస్తే ఏం చేయాలో మీ చెవికే వదిలేస్తున్నాను. 'పారదర్శకతత్వం' అని మాత్రం రాయకండి. 'త' ఉండగా మళ్లీ 'త్వం' దేనికి?