గ్రీకు వీరుడు గ్రీకేనా? మాసిడోనియా మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో అలెగ్జాండర్ గురించి రాస్తూ ఒకచోట 'గ్రీకు వీరుడు' అనీ, రెండు పేరాల తర్వాత 'మాసిడోనియా రాజు' అనీ రాశాను. దాన్ని పట్టుకుని చాలామంది అడిగారు, ఇంతకీ మాసిడోనియా వాళ్లు గ్రీకులా కాదా అని. అడగాల్సిన ప్రశ్నే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ముప్ఫై ఏళ్లు బళ్లో సోషల్ చెప్పాను, అలెగ్జాండర్ గ్రీకు వీరుడనే చెప్పాను. ఇప్పుడు మా మనవడు ఏదో వీడియో చూసి "తాతయ్యా, అతను గ్రీకే కాదు" అంటున్నాడు. వాడికి ఏం చెప్పమంటారు?
– రిటైర్డ్ టీచర్, తెనాలి

జవాబు: మాస్టారూ, మీరు చెప్పింది తప్పని ఒప్పుకోకండి, అలాగని మనవడిని కసరకండి కూడా. వాడు లేవనెత్తింది రెండున్నర వేల ఏళ్ల నాటి పేచీ. అప్పట్లో గ్రీస్ అని ఒక దేశం లేదు. ఏథెన్స్, స్పార్టా, థీబ్స్, కొరింత్, ఇలా దేనికది విడి రాజ్యం, ఎవరి యాస వాళ్లది. ఒలింపస్ కొండకు ఉత్తరాన ఉన్న మాసిడోనియా వీటన్నిటికీ కాస్త ఎడంగా ఉండేది. అక్కడ నగర సభలు లేవు, వంశపారంపర్యంగా రాజులే ఏలేవాళ్లు. దక్షిణాది గ్రీకులకు వాళ్లంటే మోటు మనుషులని చిన్నచూపు.

'మాసిడోనియన్లు గ్రీకులా' అన్నప్పుడు నిజానికి రెండు వేరు వేరు సంగతులు అడుగుతున్నాం. వాళ్లు ఇంట్లో ఏ భాష మాట్లాడుకున్నారు అనేది ఒకటి. వాళ్లు తమను ఎవరనుకున్నారు, పక్కవాళ్లు వాళ్లను ఎవరనుకున్నారు అనేది ఇంకోటి. ఈ రెంటినీ కలిపేసి ఒకే జవాబు కావాలని పట్టుబట్టడం వల్లే గొడవంతా. మొదటిదానికి ఇప్పుడు మంచి ఆధారమే ఉంది. రెండోది ఆ కాలంలోనే తెగలేదు.

ప్రశ్న: ఎం.ఏ. లింగ్విస్టిక్స్ చదువుతున్నాను. ప్రాచీన మాసిడోనియన్ గ్రీకులో ఒక మాండలికమనీ, కాదు విడి భాష అనీ రెండు రకాలుగా చదివాను. అసలు చేతిలో ఉన్న ఆధారాలేమిటి?
– విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఆధారాలు గుప్పెడే. ఆ గుప్పెడు మీదే 1825లో కార్ల్ ఒట్‌ఫ్రీడ్ ముల్లర్ మాసిడోనియన్లను ఇల్లిరియన్ల వైపు, అంటే గ్రీకు కాని పొరుగు జాతి వైపు నెట్టాడు, 1906లో ఒట్టో హాఫ్‌మన్ అదే గుప్పెడు తిరగేసి కాదు, గ్రీకే అన్నాడు.

ముందు మాటల సంగతి చూద్దాం. క్రీస్తుశకం ఐదారు శతాబ్దాల నాటి హెసీకియస్ అనే అలెగ్జాండ్రియా పండితుడు అరుదైన పదాలతో ఒక నిఘంటువు కూర్చాడు. అందులో 'ఇది మాసిడోనియన్ల మాట' అని గుర్తు పెట్టినవి నూరు పైచిలుకు ఉన్నాయి. చాలా మాటలు గ్రీకుకు దగ్గరే కానీ ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మిగతా గ్రీకులు ఫ, థ అనే చోట మాసిడోనియన్లు బ, ద అంటారు. చావును గ్రీకులో థనతోస్ అంటే వీళ్లు దానోస్ అన్నారు. ఫిలిప్పోస్‌ని బిలిప్పోస్ అనేవాళ్లని రోమన్ కాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ కూడా రాశాడు. 'విజయం తెచ్చేది' అనే అర్థంలో ఆడపిల్లలకు పెట్టుకునే ఫెరెనికే అనే పేరు వీళ్ల నోట బెరెనికే అయింది.

ఇక్కడ తెలుగు వచ్చిన మనకు ఒక సౌకర్యం ఉంది. ఆ ఫెరె, బెరె రెండూ మన 'భరించు', 'భారం' లో ఉన్న సంస్కృత ధాతువుకు తోబుట్టువులు. కనుబొమను సంస్కృతంలో భ్రూ అంటారనీ, కనుబొమల ముడిని భ్రుకుటి అంటారనీ మనందరికీ తెలుసు. గ్రీకులో అది ఒఫ్రూస్, మాసిడోనియన్‌లో అబ్రూతెస్. అంటే మూలంలో ఉన్న భ సంస్కృతంలో భ గానే నిలిచింది, గ్రీకులో వత్తి పలికే ఫ అయింది, మాసిడోనియన్‌లో వత్తు పోయి బ మిగిలింది. మనలో ఎంతోమంది భయాన్ని బయం అనీ, ధర్మాన్ని దర్మం అనీ అనరూ, దాదాపు అలాగ.

పేచీ సరిగ్గా ఇక్కడే. భ నుంచి నేరుగా బ వచ్చిందంటే మాసిడోనియన్లు గ్రీకు ఫ పుట్టకముందే విడిపోయారన్న మాట, అప్పుడు అది గ్రీకుకు చెల్లెలి వరస అవుతుంది కానీ మాండలికం కాదు. అలా కాకుండా ముందు గ్రీకులందరితో పాటు ఫ అయ్యి, ఆ తర్వాత స్థానికంగా మెత్తబడి బ అయిందంటే మాండలికమే. నూరు పైచిలుకు విడి మాటలతో, అవీ వందల ఏళ్ల తర్వాత లేఖకుల చేతులు మారి వచ్చిన మాటలతో, దీన్ని తేల్చడం కష్టం. నిఘంటువులో ఒక్క వాక్యం కూడా ఉండదు కదా, వాక్యం లేనిదే భాష నడక తెలియదు.

ఆ వాక్యం 1986లో దొరికింది. మాసిడోనియా రాజధాని పెల్లాలో తవ్వుతుంటే ఒక సమాధిలో చుట్ట చుట్టిన సీసపు రేకు బయటపడింది. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దం మధ్యది, అంటే అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్పు కాలానిది, లేదా అతనికి కాస్త ముందుది. దాని పాఠం 1993లో అచ్చయింది. రాయించింది రాజూ కాదు, కవీ కాదు. డయోనిసోఫోన్ అనే మగవాడి మీద మనసు పడ్డ ఒక స్త్రీ. అతను థెతిమా అనే ఇంకో ఆమెను పెళ్లాడబోతున్నాడు. ఆ పెళ్లి జరగకుండా కట్టడి చేస్తూ ఈమె రేకు రాయించి, ఆ సమాధిలో పడుకున్న మాక్రోన్ అనే చచ్చిపోయిన మనిషికీ, ప్రేతాలకూ అప్పజెప్పింది. మనం చేతబడి అంటామే, అదే. మళ్లీ నేను ఈ రేకు తవ్వి తీసి విప్పి చదివేదాకా అతను ఎవరినీ చేసుకోకూడదు, చేసుకుంటే నన్నే చేసుకోవాలి, అతని పక్కన ముసలిదాన్ని అయ్యేది నేనే కావాలి అని వేడుకుంది. నాకు ఎవరూ లేరు, నా మీద జాలి చూపండి అంది. చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది నాకు.

ఇంతకీ ఆ భాష గ్రీకే. అలాగని ఏథెన్స్ గ్రీకు కాదు, అసలు విషయం అదే. ఏథెన్స్‌లో అయితే థెయొతిమే అనాల్సిన పేరు ఇక్కడ థెతిమా. 'ఎప్పుడైతే' అనడానికి ఏథెన్స్ వాళ్లు హొపొతె అంటే ఈమె ఒపొకా అంది. ఇవి పశ్చిమోత్తర గ్రీకు మాండలికాల, అంటే డోరిక్ అనే తరహా రూపాలు. మాసిడోనియా దర్బారు ఏథెన్స్ గ్రీకును అరువు తెచ్చుకుందని ఎప్పటినుంచో తెలుసు, దర్బారు శాసనాలు చూపించి ఇది గ్రీకే అంటే 'అరువు భాష కదా' అనేవాళ్లు. ఈ రేకుతో ఆ వాదన నిలవదు. ఎవరూ చూడకూడదని పాతిపెట్టిన రేకు మీద, కడుపులో బాధ చెప్పుకోవడానికి ఎవరైనా అరువు భాష వెతుక్కుంటారా? ఇంకో చిన్న సంగతి. రేకులో ఒక మాట 'దపినా' అని ఉందని కొందరు చదివారు. ఏథెన్స్ గ్రీకులో తపెయినా, అంటే దీనురాలు. వాళ్లు చదివింది సరైతే త ద గా మెత్తబడింది, బిలిప్పోస్‌లో వినిపించే మెత్తదనం లాంటిదే ఇదీ.

ఒక్క రేకుతో అంతా తేలుతుందా, ఆమె వేరే చోటి నుంచి వచ్చి ఉండొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు, న్యాయమైన ప్రశ్నే. కానీ మాసిడోనియాలోనే వెర్గినా అనే చోట దొరికిన మామూలు జనం సమాధి రాళ్ల మీద పేర్లు కూడా ఎక్కువభాగం గ్రీకువే, అందులో తండ్రుల పేర్లూ, అంటే అంతకుముందు తరం కూడా ఉంది. అన్నీ కలిపి చూస్తే నా మొగ్గు మాండలికం వైపే. పొరుగున ఉన్న థ్రేసియన్, ఇల్లిరియన్, ఫ్రిజియన్ మాటలు కలిసిన మాండలికం అనుకోండి. గ్రీకులో జోడీ దొరకని మాసిడోనియన్ మాటలు కొన్ని ఉన్నాయి మరి, వాటిని దాచిపెట్టడం కూడా తప్పే.

ప్రశ్న: అలెగ్జాండర్ తన సైనికులతో 'మాసిడోనియన్' భాషలో మాట్లాడాడని చదివాను. గ్రీకే అయితే విడిగా ఆ పేరు ఎందుకు?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు చదివింది నిజమే. క్రీస్తుపూర్వం 328లో, ఇప్పటి సమర్‌ఖండ్‌లో, తాగిన మైకంలో తన సేనాని క్లీటస్‌తో గొడవ ముదిరినప్పుడు అలెగ్జాండర్ తన కాపలా భటుల్ని మాసిడోనియన్‌లో కేకేశాడని ప్లూటార్క్ రాశాడు. అది పెద్ద కలవరానికి గుర్తు అని కూడా చెప్పాడు. మీది విజయనగరం కాబట్టి మీకు ఇట్టే అర్థమవుతుంది. హైదరాబాద్ ఆఫీసులో ఎంత పుస్తకం తెలుగు మాట్లాడినా, కోపం నెత్తికెక్కినప్పుడు నోట్లోంచి ఊరి మాటే వస్తుంది.

అంతకు రెండేళ్ల ముందు ఇంకో సేనాని ఫిలోటాస్ మీద విచారణ జరిగినప్పుడు, నీ సొంత భాషలో మాట్లాడతావా అని అలెగ్జాండర్ అడిగితే, ఇక్కడ మాసిడోనియన్లు కాని వాళ్లు కూడా చాలామంది ఉన్నారు, మీరు మాట్లాడిన భాషలోనే మాట్లాడితే వాళ్లకూ తేలిగ్గా అర్థమవుతుంది అన్నాడట. ఇది కర్టియస్ అనే రోమన్ రచయిత వందల ఏళ్ల తర్వాత రాసింది. దీన్నిబట్టి విడి భాష అనేవాళ్లూ ఉన్నారు, ముదురు యాస అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే రోమన్ చరిత్రకారుడు లివీ రాసిన ఒక మాట ముఖ్యంగా తోస్తుంది. క్రీస్తుపూర్వం 199లో మాసిడోనియా రాయబారి ఏటోలియా వాళ్ల సభలో, ఏటోలియన్లు, అకార్నేనియన్లు, మాసిడోనియన్లు ఒకే భాష మాట్లాడేవాళ్లని అన్నట్టు లివీ రాశాడు. ఏటోలియా, అకార్నేనియా రెండూ పశ్చిమోత్తర గ్రీకు మాట్లాడే సీమలు. పెల్లా రేకు భాష కూడా ఆ దిక్కుదే.

ప్రశ్న: డెమోస్తనీస్ అంతటివాడే ఫిలిప్పును బర్బరుడు, అంటే గ్రీకు కాని మోటువాడు, అన్నాడు. ఆ కాలం వాడి మాట కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?
– లాయర్, వరంగల్

జవాబు: లాయర్ గారూ, సాక్షికి కక్ష ఉందా లేదా అని ముందు చూసేది మీరే కదా. ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ ఆ మాట అన్నది క్రీస్తుపూర్వం 341 నాటి ప్రసంగంలో, అప్పటికి ఫిలిప్పు ఏథెన్స్‌కు పెద్ద ముప్పుగా మారాడు. గ్రీకూ కాదు, గ్రీకుల చుట్టమూ కాదు, మంచి బానిస కూడా దొరకని చోటి నుంచి వచ్చాడు అని డెమోస్తనీస్ తిట్టాడు. అది తిట్టే. అంతకు అయిదేళ్ల ముందు, 346లో, అదే ఏథెన్స్‌లో ఐసోక్రటీస్ అనే రచయిత గ్రీకులందరికీ నాయకత్వం వహించమని ఫిలిప్పుకే బహిరంగ లేఖ రాశాడు. విచిత్రం ఏమిటంటే ఆయన కూడా రాజును గ్రీకు అన్నాడు కానీ, అతని పూర్వీకులు తమ జాతి కాని జనాన్ని ఏలారని రాశాడు.

అంతకు చాలా ముందు మొదటి అలెగ్జాండర్ అనే రాజు ఒలింపిక్స్‌లో పరుగు పందేనికి వెళితే, ఇది బర్బరుల పోటీ కాదని మిగతావాళ్లు అడ్డుపడ్డారు. మా వంశం ఆర్గోస్ నుంచి వచ్చిందని రుజువు చూపించి పరిగెత్తాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెబుతాడు. ఒప్పుకున్నది ఆ రాజును, అతని జనాన్ని కాదు, అది గమనించాలి.

వంశవృక్షాలు చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. పాత గ్రీకు కవి హెసియడ్ పేరుమీద వచ్చిన వంశావళిలో మాసిడోనియన్ల మూలపురుషుడు మకెదోన్ హెల్లెన్ తోబుట్టువు కొడుకు. గ్రీకులు తమను హెల్లెనులు అనుకునేది ఈ హెల్లెన్ పేరు మీదే. అంటే మకెదోన్ మేనల్లుడు. మన ఇళ్లలో మేనల్లుడంటే దగ్గరి చుట్టం, పిల్లనిచ్చేంత దగ్గర, కానీ ఇంటిపేరు వేరు. క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో హెల్లానికస్ అనే గ్రీకు చరిత్రకారుడు అదే మకెదోన్‌ను హెల్లెన్ కొడుకైన ఎయోలస్ కొడుకుగా రాశాడు. మేనల్లుడు కాస్తా మనవడై ఇంట్లోకి వచ్చేశాడు. ఈ రెండు రాతల మధ్య ఏదో మారింది, మాసిడోనియా బలం పెరిగింది, వాళ్లను మనవాళ్లు అనుకోవాల్సిన అవసరమూ పెరిగింది. జాతి అనేది రక్తంలో రాసిపెట్టి ఉండదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ప్రశ్న: మా టీమ్‌లో ఒకతను స్కోప్యె నుంచి, ఇంకో అమ్మాయి థెస్సలొనీకి నుంచి. అలెగ్జాండర్ పేరెత్తితే చాలు ఇద్దరి మధ్యా టెన్షన్. ఇప్పటి ఉత్తర మాసిడోనియా వాళ్లకూ పాత మాసిడోనియన్లకూ సంబంధం ఉందా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, డాలస్

జవాబు: భాష వరకైతే లేదు. ఇప్పటి మాసిడోనియన్ దక్షిణ స్లావిక్ భాష, బల్గేరియన్‌కు చాలా దగ్గర. స్లావులు ఆ ప్రాంతానికి వచ్చింది క్రీస్తుశకం ఆరేడు శతాబ్దాల్లో, అలెగ్జాండర్ పోయిన తొమ్మిది వందల ఏళ్ల దాకా తర్వాత. ఆ భాషకు ప్రామాణిక రూపం, లిపి 1945లో ఖాయమయ్యాయి. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయాక ఆ దేశం మాసిడోనియా అని పేరు పెట్టుకుంటే, ఆ పేరుతోనే సొంత రాష్ట్రం ఉన్న గ్రీస్ ఒప్పుకోలేదు. 2011లో వాళ్ల రాజధాని స్కోప్యె నడిబొడ్డున అలెగ్జాండర్‌ను పోలిన పెద్ద గుర్రపు విగ్రహం లేచింది. చివరికి 2018 జూన్ 17న ప్రెస్పా సరస్సు ఒడ్డున ఒప్పందమై, 2019లో ఉత్తర మాసిడోనియా అయింది. ఆ ఒప్పందంలోనే మాసిడోనియన్ భాష అనే పేరు అలాగే ఉంచారు, అది స్లావిక్ భాష అనీ, ప్రాచీన గ్రీకు నాగరికతతో దానికి సంబంధం లేదనీ స్పష్టంగా రాశారు. మీ స్నేహితుడికి తన భాషను ఆ పేరుతో పిలుచుకునే హక్కు పూర్తిగా ఉంది. అది ఉండాలంటే అలెగ్జాండర్ అతని ముత్తాత కానక్కర్లేదు.

ప్రశ్న: మనవాళ్లు మాసిడోనియన్లను ఏమని పిలిచారు?
– పాఠకురాలు, కర్నూలు

జవాబు: యోనులు, యవనులు అనే. ఆ మాట అయోనియా గ్రీకుల పేరు నుంచి వచ్చింది, పారశీకులు యౌన అన్నారు. పారశీక రాజు డరియస్ శాసనంలో 'డాలు లాంటి టోపీలు పెట్టుకునే యౌనులు' అని ఒక జనం కనిపిస్తారు, వాళ్లు మాసిడోనియన్లేనని చాలామంది పండితుల అభిప్రాయం. అంటే తూర్పు నుంచి చూసినవాళ్లకు వాళ్లూ ఆ గుంపులోవాళ్లే, టోపీ మాత్రం వేరు. మీకైతే చూడ్డానికి దూరం కూడా పోనక్కర్లేదు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెప్పే శాసనంలో అంతియోకుడనే యోన రాజు పేరుంది. అలెగ్జాండర్ దగ్గర సేనానిగా పనిచేసిన సెల్యూకస్ అనే మాసిడోనియన్ వంశం అతనిది.