టారోలో సిక్స్ ఆఫ్ పెంటకిల్స్ కార్డుకు అర్థం ఏమిటి?

సాయం ఇవ్వడం, అందుకోవడం, ఆ సాయం ఎంతన్నది ఎవరి చేతిలో ఉందన్నది: ఈ మూడూ కలిసినదే సిక్స్ ఆఫ్ పెంటకిల్స్.

అర్థమంతా బొమ్మలోనే ఉంది. 1909లో వచ్చిన రైడర్-వెయిట్ అనే టారో కార్డుల డెక్‌కు పమేలా కోల్మన్ స్మిత్ గీసిన ఈ కార్డులో ఒక వర్తకుడు ఎడమ చేత్తో త్రాసు పట్టుకుని, కుడి చేత్తో నాణేలు వేస్తుంటాడు. కింద మోకరిల్లినవాళ్లు ఇద్దరు. నాణేలు పడుతున్నది మాత్రం ఒకరికే. అంటే ఇది తూచి ఇచ్చే దానం. టారోలో పెంటకిల్స్ (నాణేల) వర్గం డబ్బుకూ పనికీ సంబంధించినది కాబట్టి జీతం, అప్పు, విరాళం లాంటి ప్రశ్నల్లో ఇది సూటిగా పనికొస్తుంది.

ఉదాహరణకు, "వ్యాపారానికి అన్నయ్యను డబ్బు అడగొచ్చా?" అన్నప్పుడు కార్డు నిటారుగా వస్తే సాయం దొరుకుతుంది, కానీ లెక్క ప్రకారమేనని అర్థం; ఎంత డబ్బు, ఎప్పటికి తిరిగివ్వాలి అన్నది ముందే మాట్లాడుకోవాలి. తలకిందులుగా వస్తే ఆ సాయం వెనక షరతులో, తీరని రుణభారమో ఉన్నట్టు చదువుతారు.

చాలామంది పొరపడేది ఒకచోటే: కార్డు తీసినవాళ్లు తామే ఆ దాత అనుకుంటారు. అది పక్క కార్డులను బట్టి తేలాలి. మంచులో నడిచే పేదలున్న ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్ పక్కన పడితే, ప్రశ్న అడిగినవారు చెయ్యి చాచేవైపే ఉన్నట్టు.