రెటినోస్కోపీలో ప్రతి కంటికీ +0.50 ఎక్కువ వస్తోందంటే

రెటినోస్కోపీలో (కంట్లోకి వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగును చూసి పవర్ కనుక్కోవడంలో) ప్రతి కంటికీ +0.50 ఎక్కువ ఎందుకొస్తోందని అడిగారు. అన్ని కళ్లకూ ఒకేలా ఎక్కువంటే తేడా మీకూ పేషెంట్‌కూ మధ్య దూరంలోనే. ఆ దూరం కోసమని వచ్చిన పవర్‌లోంచి మీరు తీసేస్తున్న 1.50 అనేది 67 సెంటీమీటర్లకు లెక్క. మహబూబ్‌నగర్ క్యాంపులో గది ఇరుకన్నారు కదా, బహుశా 50 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటున్నారు. అక్కడ 2.00 తీయాలి.

1. లెన్స్ పట్టుకుని చూసే భంగిమలోనే, పేషెంట్ కంటి నుంచి రెటినోస్కోప్ వరకు టేపుతో కొలవండి. అందరూ వదిలేసేది ఇదే. సెకండియర్ అంతా నేనూ కొలవలేదు.
2. 100ని ఆ సెంటీమీటర్లతో భాగించండి. వచ్చిందే తీయాల్సిన పవర్.
3. రెండు మెరిడియన్లకూ (పవర్ కొలిచే, ఒకదానికొకటి అడ్డంగా ఉండే దిశలకూ) అంతే తీయండి, సిలిండర్ (ఆ రెండింటి తేడా) మారదు.
4. రిఫ్లెక్స్ (కంటిపాపలో కనిపించే వెలుగు) సరిగా కనబడట్లేదని ముందుకు వంగకండి. 67 సెంటీమీటర్ల దగ్గర ముడి వేసిన దారం వెంట ఉంచుకుంటే చాలు.

పేషెంట్ దూరంగా చూడకుండా మీ ముఖం చూస్తే విలువ మైనస్ వైపు జరుగుతుంది. మీకు ప్లస్ వైపు వస్తోంది కాబట్టి మీది ఆ సమస్య కాదు.