క్రికెట్ కిట్ వద్దు, కోర్టు బూట్లు తెచ్చుకోండి

హనుమకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆగస్టులో డాలస్ దగ్గర ఎమ్మెస్‌లో చేరుతున్నాను. చిన్నప్పటి నుంచి సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడినవాణ్ణి. బ్యాటు, ప్యాడ్లు, హెల్మెట్ ఇక్కడి నుంచి తెచ్చుకోవాలా, అక్కడ కొనుక్కోవాలా? ఆట లేకపోతే ఎట్లా అని ఒకటే టెన్షన్."

రెండూ వద్దు తమ్ముడూ, కనీసం మొదటి ఏడాది. బదులుగా పికిల్‌బాల్ అనే ఆట ఆడమంటాను, అదేమిటో కింద చెప్తాను. ఫ్లైట్‌లో మామూలుగా పెట్టెకు 23 కిలోల చొప్పున రెండు పెట్టెలే. అమ్మ పెట్టే పచ్చళ్లు, సకినాలు, ప్రెషర్ కుక్కర్ పోను మిగిలిన చోటు ప్యాడ్లకు ఇస్తే బట్టలు ఎక్కడ సర్దుతావు?

ఇక్కడ క్రికెట్ లేక కాదు. 2023లో అమెరికా టీ20 లీగ్, మేజర్ లీగ్ క్రికెట్, మొదలైంది డాలస్ పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలోనే. 2024 జూన్ 6న అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించిందీ అక్కడే. వీకెండ్ లీగులకూ కొదవ లేదు, చాలా టీముల్లో మనవాళ్లే. కానీ గ్రౌండ్ ఎక్కడో ఊరవతల ఉంటుంది, అక్కడికి బస్సు పోదు. కారున్నవాళ్లు ఎక్కించుకుంటేనే ఆట. ఇరవై ఓవర్ల మ్యాచే అయినా రానుపోను కలిపితే శనివారం అయిపోయినట్టే. పైగా చాలా లీగుల్లో మనకు మ్యాచ్ లేని రోజు వేరేవాళ్ల మ్యాచ్‌కు అంపైరింగ్ చేసే వంతు కూడా పడుతుంది. ఇంత కష్టపడి పోతే కొత్తవాడికి దొరికేది తొమ్మిదో నంబర్ బ్యాటింగు, ఎండలో బౌండరీ దగ్గర ఫీల్డింగు.

పెళ్లయినవాళ్లకు ఇంకో మాట. ఆయన పొద్దున్నే కిట్ భుజాన వేసుకుని పోతే, కారు లేక అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో ఉండిపోయేది ఆవిడే. ఇంట్లో ఇద్దరూ ఆడగలిగే ఆట ఉండగా ఒక్కడి ఆటకు వీకెండ్ మొత్తం రాసివ్వడం నాకు నచ్చదు.

నేను చెప్పేది పికిల్‌బాల్. 1965లో సియాటెల్ దగ్గరి బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో, జోయెల్ ప్రిచర్డ్ ఇంటి పెరట్లోని పాత షటిల్ కోర్టు మీద పింగ్‌పాంగ్ బ్యాట్లు, చిల్లుల ప్లాస్టిక్ బంతితో పుట్టిన ఆట. అందుకే కోర్టు కొలత ఇప్పటికీ షటిల్ డబుల్స్‌దే, 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. ఒక్క టెన్నిస్ కోర్టు చోటులో నాలుగు పడతాయి కాబట్టి పార్కులవాళ్లు గీతలు గీసేస్తున్నారు. పదకొండు పాయింట్లకు గేమ్, రెండు తేడా ఉండాలి. మామూలుగా పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. క్లాసుకూ క్లాసుకూ మధ్య కూడా ఆడి రావచ్చు.

వీసా వచ్చి ఫ్లైట్ ఎక్కేదాకా ఎట్లాగూ ఖాళీయే కదా, వరంగల్‌లోనే మొదలుపెట్టు. ఏ షటిల్ కోర్టయినా చాలు. నెట్టు మధ్యలో 34 అంగుళాలకు దించు. షటిల్‌లో షార్ట్ సర్వీస్ గీత నెట్టుకు ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. నెట్టుకు రెండు వైపులా ఏడు అడుగుల దగ్గర సుద్దతో ఇంకో గీత గీస్తే కోర్టు తయారు. సర్వ్ కింది చేత్తోనే. సర్వ్ ఒక టప్పా పడాలి, తిరిగొచ్చిన బంతి కూడా ఒక టప్పా పడాలి, ఆ తర్వాతే గాల్లో కొట్టొచ్చు.

షటిల్ ఆడినవాళ్లు దెబ్బతినేది ఆ ఏడడుగుల గీత దగ్గరే. నెట్టు ముందరి ఆ జాగాను కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో కొట్టకూడదు. బయట నుంచే ఎగిరి స్మాష్ కొట్టినా, ఆ ఊపులో కాలు లోపల పడితే ఫౌల్. మణికట్టు బాగా తిరిగే మన కుర్రాళ్లు బ్రహ్మాండంగా కొట్టి పాయింటు పోగొట్టుకుంటుంటారు. ఒకసారి డెబ్బై దాటిన రిటైర్డ్ నర్సు నాకు జోడీ పడ్డారు. మోకాలికి పట్టీ, అడుగు కదిలితే ఒట్టు. గీత దగ్గర నిలబడి బంతిని నెట్టు మీదుగా మెల్లగా అటు వేస్తూనే ఉన్నారు, అవతలి కుర్రాళ్లు విసుగెత్తి గట్టిగా బాది బయటికి కొట్టేదాకా. గెలిచింది మేమే, అందులో నా పాలు తక్కువే.

అంత పెద్దావిడ జోడీ ఎట్లా పడ్డారంటే, అదే ఇక్కడి పద్ధతి. ఓపెన్ ప్లే, అంటే ఎవరైనా వచ్చి కలిసి ఆడుకునే సమయంలో కోర్టు పక్కన ఒక ర్యాక్ ఉంటుంది. ఎవరొచ్చినా బ్యాటు అందులో వరుసలో పెట్టాలి. గేమ్ అయిపోగానే ముందున్న నాలుగు బ్యాట్లవాళ్లు లోపలికి పోతారు. తెలిసినవాళ్లు అక్కర్లేదు, టీము అక్కర్లేదు. క్లాసులో ఇంగ్లిష్ మాట్లాడటానికి మొహమాటపడేవాడికి ఇక్కడ నోరు విప్పక తప్పదు, ఎందుకంటే సర్వ్ చేసే ముందు స్కోరు గట్టిగా చెప్పాలి. ముందు మన పాయింట్లు, తర్వాత వాళ్లవి, ఆ తర్వాత మీరు ఒకటో సర్వరా, రెండో సర్వరా అన్నది, ఎందుకంటే జోడీలో ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు సర్వ్ చేస్తారు. ఆట "జీరో, జీరో, టూ"తో మొదలవుతుంది, మొదట సర్వ్ చేసే జట్టుకు ఆ తొలి వంతులో ఒక్క సర్వరే కాబట్టి. దయచేసి నలుగురు తెలుగువాళ్లు కలిసి వచ్చి, నాలుగు బ్యాట్లూ పక్కపక్కనే పెట్టి, గంటసేపు మీలో మీరే ఆడుకోకండి. అందరూ గమనిస్తారు, నవ్వుతూనే గమనిస్తారు.

గీత గొడవ కూడా ముందే తెలుసుకోండి. మన వైపు పడ్డ బంతి లోపలో బయటో చెప్పాల్సింది మనమే. అనుమానం ఉంటే పాయింటు అవతలివాళ్లది. అవుటా కాదా అని గ్రౌండ్ మధ్యలో అరగంట కొట్లాడిన మనకు ఇది కొంచెం కష్టమే.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. రోజూ పొద్దున భద్రకాళి బండ్ మీద నడిచి, నలుగురితో మాట్లాడి వచ్చే మనుషులు ఇక్కడ ఆర్నెల్లు కిటికీ అద్దంలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటారు. చాలా రిక్రియేషన్ సెంటర్లలో పొద్దుటి పూట పెద్దవాళ్లకు విడిగా సమయం ఉంటుంది. ఒక్కటే భయం, తలమీదుగా వచ్చిన బంతి కోసం వెనక్కి వెనక్కి నడుస్తూ పడిపోవడం. అట్లాంటి బంతిని వదిలేయమని చెప్పండి. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ఇట్లాంటి ఆటల్లో తగిలే దెబ్బలు కవరవుతాయో లేదో చదివి తీసుకోండి.

డబ్బు సంగతి. మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చి అంపైరింగ్‌కో, పిల్లలకు కోచింగ్‌కో ఎవరైనా పిలిస్తే ఎగబడకండి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్లు అనుమతి లేకుండా క్యాంపస్ బయట పని చేయకూడదు. హెచ్1బీ (ఉద్యోగ వీసా) వాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకే పని చేయాలి. వర్క్ పర్మిట్ లేని హెచ్4 (హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) వాళ్లకు, విజిటర్లకు అసలే కుదరదు. చేతికి క్యాష్ ఇస్తారు కదా అంటే, అదీ పని కిందికే వస్తుంది. అనుమానముంటే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి, సీనియర్లను కాదు.

పెట్టెలో పెట్టుకోవాల్సింది ఒక జత కోర్టు బూట్లు. జాగింగ్ బూట్లు ముందుకు పరుగెత్తడానికి చేసినవి, పక్కకు అడుగేస్తే చీలమండ మెలిక పడొచ్చు. ఇండోర్‌లో ఆడేందుకు నేల మీద మరకపడని సోల్ చూసుకో. బ్యాటు ఇక్కడ కొనుక్కో, మొదట్లో క్యాంపస్ జిమ్‌లో అడిగితే ఇచ్చే చోట్లూ ఉన్నాయి. డాలస్ జులై ఎండ మన రోహిణి కార్తెకు తీసిపోదు, కాబట్టి పొద్దున్నే గానీ, లైట్లున్న కోర్టులో రాత్రి గానీ ఆడు.

ఇంగ్లండ్ పోయే కాజీపేట, కరీంనగర్ పిల్లలు కూడా అడిగారు. మీకు పార్క్‌రన్ ఉంది. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైంది. శనివారం పొద్దున 5 కిలోమీటర్లు, నడిచినా సరే, పైసా కట్టక్కర్లేదు. ఒక్కసారి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు. అది మర్చిపోయి పోతే పరుగెత్తినా టైమ్ మీ పేరు మీద ఎక్కదు.