కీమో నడుస్తుండగా మాక్రోబయోటిక్ పథ్యం ఎంత గట్టిగా పాటించాలి?

"అనంతపురంలో మా అమ్మకు కీమో నడుస్తోంది. దంపుడు బియ్యం, కూరగాయలు తప్ప మజ్జిగ కూడా మానిపించాను. చిక్కిపోతోంది. సడలించనా?" అని అడిగారు.

సడలించండి, ఈరోజే. ముడి ధాన్యం, కూరగాయలే ప్రధానంగా తినమనే ఈ మాక్రోబయోటిక్ పథ్యంతో కేన్సర్ తగ్గుతుందనడానికి ఆధారం లేదు. బరువు తగ్గితే మాత్రం కీమోను తట్టుకోవడం కష్టమవుతుంది.

ఈ పద్ధతిని ప్రచారం చేసిన జపాన్ వాసి జార్జ్ ఒహసావా చెప్పిన ఏడో నంబరు పథ్యంలో నూటికి నూరు పాళ్లు ధాన్యమే, నీళ్లూ తక్కువే. 1960ల్లో అమెరికాలో దాన్ని మొండిగా పట్టుకున్నవాళ్లలో ప్రాణాలు పోయినవాళ్లున్నారు. తర్వాత ఆయన శిష్యుడు మిచియో కుషి బోధించిన తీరులో ధాన్యం దాదాపు సగమే. మిగతాది కూరగాయలు, పప్పులు, అప్పుడప్పుడూ చేప.

దగ్గర్లో పండింది తినమన్నదీ వాళ్లే. ఇక జపాన్ వాళ్లు సోయాతో పులియబెట్టి చేసే మిసో కోసం వెతకడమెందుకు? కొర్రన్నం, మెత్తటి రాగి సంగటి, ఉలవచారు, చెనిక్కాయల ఊరిబిండి మనవే కదా. పీచు ఎక్కువై రెండు ముద్దలకే కడుపు నిండితే తెల్లన్నమే మెత్తగా వండి పెట్టండి. రోజుకు కిలో బరువుకు కనీసం 1 గ్రాము ప్రొటీన్ కావాలి, వీలైతే 1.5. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 75 గ్రాములు. అన్నం, కూరలతో అంత రాదు. పప్పు, మజ్జిగ, బాగా ఉడికిన గుడ్డు కావాలి. మూత్రపిండాల జబ్బుంటే డాక్టరు చెప్పిన లెక్కే. నీళ్లకు మాత్రం కట్టడి పెట్టకండి, మన ఎండల్లో అసలే వద్దు.

వారానికోసారి బరువు చూసి, ఆమె ఏం తింటోందో కేన్సర్ డాక్టరుకు దాచకుండా చెప్పండి.