పైపూ పొగాకూ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సీమ జిల్లాలవే. పైపు బాగాలేదనో పొగాకు కల్తీ అనో రాసినవాళ్లే ఎక్కువ. చదివి చూస్తే చాలావాటికి కారణం ఆ రెండూ కాదు. పొగాకులో తేమ తేడా, లేదా దమ్ము లాగడంలో తొందర. అవి రెండూ సరిచూసుకోకుండా కొత్త పైపు కొనకండి, డబ్బు దండగ. పొగాకు ప్రకటనలను 2003 నాటి చట్టం నిషేధించింది కాబట్టి ఈ శీర్షికలో పొగాకు బ్రాండ్ల పేర్లు రాయం. ఆకు రకం, కోత రకం చెబుతాం.

మా అల్లుడు దుబాయ్ నుంచి యాభై గ్రాముల డబ్బాలు మూడు తెచ్చినాడు. మే నెలలో మూత తీస్తే పదిహేను రోజులకే అప్పడం మాదిరి పెళపెళమంటోంది. నీళ్లు చిలకరించొచ్చా? ఆలుగడ్డ ముక్క వెయ్యమని ఒకాయన చెప్పినాడు. – అనంతపురం

రెండూ వద్దు. చిలకరిస్తే కొంత ఆకు ముద్దవుతుంది, కొంత ఎండుగానే ఉంటుంది. ఆలుగడ్డ, ఆపిల్ ముక్కలు మీ ఊరి వేడికి రెండు మూడు రోజుల్లో బూజు పడతాయి, ఆ బూజు పొగాకుకూ పాకుతుంది.

వెడల్పాటి గాజు గిన్నెలోనో పింగాణీ గిన్నెలోనో పొగాకును పలచగా పరచండి. కాచి చల్లార్చిన నీళ్లలో శుభ్రమైన నూలు గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, గిన్నె మూతికి బిగించి కట్టండి. గుడ్డ పొగాకుకు తగలకూడదు. గంటకోసారి పొగాకును వేళ్లతో తిరగెయ్యండి, గుడ్డ ఆరితే మళ్లీ తడపండి. చిటికెడు తీసి వేళ్ల మధ్య నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా అంటుకునే ఉంటే తేమ ఎక్కువ, చిట్లి పొడి రాలితే తక్కువ. సరిపోయిందనుకున్నాక సీసాలో పెట్టి రెండు రోజులు ముట్టుకోకండి, తేమ అంతటా సమంగా సర్దుకుంటుంది. ఎండినప్పుడు ఎగిరిపోయిన పరిమళం మాత్రం తిరిగి రాదు.

ఇకమీదట డబ్బా మూత తీసిన రోజే రబ్బరు వాషరున్న గాజు సీసాకు మార్చండి. యాభై గ్రాములు నొక్కిపెడితే 250 మి.లీ. సీసా సరిపోతుంది. లోపల ఖాళీ ఎంత తక్కువుంటే అంత మేలు. ఊరగాయ సీసా అయితే వాషరు మార్చక తప్పదు. గాజును ఎంత కడిగినా రబ్బరులో ఇంగువ వాసన ఉండిపోతుంది. సీసా ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. మిద్దె మీది గది, రేకుల గది పనికిరావు. ఇంటి నడిమి గదిలో కడప బండల అలమర ఉంటే దాని కింది అర మంచిది, పడమటి గోడకు ఉన్నది మాత్రం వద్దు, సాయంత్రానికి ఆ బండలు కాగిపోతాయి. ఫ్రిజ్ కూడా వద్దు. బయటికి తీసినప్పుడల్లా చెమ్మ పడుతుంది.

అన్నట్టు, మూడు డబ్బాలంటే 150 గ్రాములు. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగే పొగాకు 125 గ్రాములే. ఈసారి అల్లుడుగారికి రెండే చెప్పండి.

నా దగ్గర ఆరు బ్రయర్ పైపులున్నాయి. వెనిలా వాసన పొగాకు, లటాకియా మిశ్రమం, వర్జీనియా ఫ్లేక్ (దిమ్మగా అదిమి పలచటి పలకలుగా కోసింది) మార్చి మార్చి తాగుతాను. ఈ మధ్య దేంట్లో ఏది తాగినా ఒకటే రుచి. నా నాలుకే మొద్దుబారిందా? – కర్నూలు

నాలుకది తప్పు కాదు. బ్రయర్ అంటే మధ్యధరా తీరంలో పెరిగే ఎరికా అనే పొద వేరుబుడిపె. నిప్పుకు తట్టుకుంటుంది, చెమ్మను పీల్చుకుంటుంది. అందుకే పైపుకు అంత బాగా పనికొస్తుంది. చెమ్మతో పాటు వాసననూ పీలుస్తుంది. లటాకియా కట్టెల పొగ పట్టించి ఆరబెట్టిన తూర్పు దేశాల ఆకు. దాని ఘాటు పది సార్లు తాగాక కూడా పైపు గిన్నెలో, అంటే పొగాకు నింపే గుంటలో, మిగిలే ఉంటుంది. వెనిలా, చెర్రీ పూత పట్టించిన పొగాకులూ అంతే. ఆ పైపులో వర్జీనియా వేస్తే వర్జీనియా కనబడదు. దానిలో ఉన్నదల్లా ఎండుగడ్డి వాసన, కాస్త తీపి, అంతే. అంత సున్నితమైన రుచి వెనిలా పక్కన నిలబడలేదు.

ఆరింటినీ పంచుకోండి. రెండు వర్జీనియాకే, ఆ రెంటిలో పెరీక్ కలిసిన వర్జీనియా కూడా తాగొచ్చు. పెరీక్ అమెరికాలోని లూసియానాలో పీపాల్లో అదిమి నెలల తరబడి పులియబెట్టే ఆకు, మిరియం ఘాటు ఉంటుంది, కొద్దిగానే కలుపుతారు. రెండు పైపులు లటాకియాకు. ఒకటి పరిమళాల పొగాకుకు. ఆరోది బర్లీకి. గాలికి ఆరబెట్టే బర్లీలో చక్కెర బహు తక్కువ, వేరుశనగ గింజ లాంటి రుచి, వాసన పెద్దగా వదలదు.

ఏ పైపు దేనికన్నది గిన్నె కొలత చూసి తేల్చుకోవచ్చు. లోపలి వెడల్పు 18, 19 మి.మీ. ఉండి లోతుగా ఉన్నవి ఫ్లేక్ వర్జీనియాకు బాగుంటాయి, నిప్పు చిన్నదిగా, నిదానంగా దిగుతుంది. 21, 22 మి.మీ. ఉన్న వెడల్పాటివి లటాకియా మిశ్రమాలకు. నాలుగైదు ఆకులు ఒకేసారి కాలితేనే ఆ మిశ్రమం రుచి తెలిసేది. ఇది శాసనమేమీ కాదు, చాలామందికి నప్పిన పద్ధతి.

పంచేముందు పాత వాసన తియ్యాలి. గిన్నె నిండా దూది కూరి, మందుల షాపులో దొరికే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు చుక్కలుగా పొయ్యండి. దూది తడిస్తే చాలు, 3 నుంచి 5 మి.లీ. పడుతుంది. షాంక్ (గిన్నెకూ నోట్లో పెట్టుకునే గొట్టానికీ మధ్య ఉండే చెక్క మెడ) రంధ్రంలో పైప్ క్లీనర్ (నూలు చుట్టిన సన్నటి తీగ) దూర్చి రాత్రంతా నిలబెట్టండి. తెల్లారేసరికి దూది గోధుమ రంగుకు తిరుగుతుంది. లేత రంగు వచ్చేదాకా దూది మార్చి మళ్లీ చెయ్యండి, తర్వాత కనీసం మూడు రోజులు ఆరనివ్వండి. ఆ లోపల అగ్గిపుల్ల దగ్గరికి తేవద్దు. ఆల్కహాల్ బయట ఒలికితే పాలిష్ పోతుంది. దూదికి బదులు కల్లుప్పు వాడేవాళ్లున్నారు. ఉప్పు షాంక్‌లోకి దిగి చెక్క చీలిన పైపులు ఉన్నాయి కాబట్టి మేం దూదికే ఓటు వేస్తాం.

కొత్త పొగాకు రుచి చూడటానికి బ్రయర్ పాడుచేసుకోకండి, మొక్కజొన్న కండె పైపు ఒకటి ఉంచుకోండి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం వాషింగ్టన్ పట్టణంలో 1869 నుంచి వీటిని చేస్తున్నారు. వాసన వదలకపోతే పారేసినా బాధ ఉండదు. మన చేలో కండె తొలిచి చేద్దామనుకోకండి. వాళ్లు లావుపాటి గట్టి కండె కోసమే వేరే రకం పండించి, బాగా ఎండబెట్టి వాడతారు. మనది మెత్తన, అడుగు తొందరగా కాలిపోతుంది.

మా చేన్లోనే బీడీ పొగాకు పండుతాది. పైపులో ఏసుకోకూడదా? ఊరికే బయట కొనేదెందుకు? – నంద్యాల దగ్గర పల్లె

వేసుకుంటే కాలుతుంది, కానీ సుఖం ఉండదు. బీడీ పొగాకును నికోటిన్ ఎక్కువ వచ్చేట్టే పండిస్తారు, ఎండలో ఆరబెట్టి చిన్న చిన్న తునకలుగా చేస్తారు. బీడీలో పట్టేది గ్రాములో చిన్న భాగం. పైపు గిన్నెలో రెండు మూడు గ్రాములు. కళ్లు తిరగడం, చల్లటి చెమటలు, వాంతి ఖాయం. అట్లా అయితే పైపు పక్కన పెట్టి, కూర్చుని నీళ్లు తాగండి. తునకల్లో ఉండే పొడి గాలి దారికి అడ్డం పడుతుంది, వేడెక్కి గిన్నె కాలుతుంది. పైపు పొగాకు ఆరబెట్టడంతో అయిపోదు. కలిపి, ఆవిరి పట్టి, దిమ్మగా అదిమి, నెలల తరబడి మాగబెడతారు. ఆ పని చెయ్యనిదే ప్రకాశం జిల్లా వర్జీనియా ఆకైనా పచ్చివాసన వేస్తుంది.

తాగిన ప్రతిసారీ నాలుక మండుతోంది, సగం అయ్యేసరికి పైపులో గుళగుళమని నీళ్ల చప్పుడు. ఖరీదైన పైపే. – ప్రొద్దుటూరు

రెంటికీ మూలం ఒకటే. తడి పొగాకును వేగంగా లాగుతున్నారు. వేడికి ఆవిరి పుట్టి నాలుకను కాలుస్తుంది, మిగతాది షాంక్‌లో చల్లబడి నీరవుతుంది.

మొదట పొగాకు ఆరబెట్టండి. ఒకసారికి సరిపడా తీసి కాగితం మీద పరిచి, ఇందాక చెప్పిన చిటికెడు పరీక్ష చెయ్యండి. వర్జీనియా, లటాకియాలు మీ ఊరి ఎండాకాలంలో పావుగంటలో సిద్ధమవుతాయి. వానల్లో గంట పట్టొచ్చు. పరిమళాల పొగాకు కొన్నిట్లో ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు, అది తేమను వదలదు. గంట తర్వాత కూడా జిడ్డుగానే తగిలితే ఆ రకం మీకు పడదనుకోండి.

నింపేటప్పుడు మూడు విడతలు. మొదటి విడత గిన్నె నిండా వదులుగా రాల్చి, పసిపిల్లవాడి చేతి బలంతో నొక్కితే సగానికి దిగుతుంది. రెండో విడత కాస్త గట్టిగా, మూడోది ఇంకొంచెం గట్టిగా. వెలిగించకుండా లాగి చూడండి. గాలి కొద్దిపాటి అడ్డుతో రావాలి. బిగుసుకుపోతే పొగాకు మొత్తం తీసి మళ్లీ నింపండి, పుల్లతో పొడిచి సరిచేస్తే మధ్యలో సొరంగం పడుతుంది. ఫ్లేక్ అయితే వేళ్లతో నలిపి విడదీసి ఇదే పద్ధతిలో వెయ్యండి. మడిచి కూరే పద్ధతి చెయ్యి తిరిగాక.

అగ్గిపుల్ల తల కాలిపోనిచ్చి, పుల్ల మంటను గిన్నె మీద గుండ్రంగా తిప్పండి. పైపొర ఉబికి లేస్తుంది, ఆరిపోతుంది. దాన్ని టాంపర్‌తో (పొగాకు అదిమే చిన్న కడ్డీ) మెల్లగా అదిమి రెండోసారి వెలిగించండి. అసలు నిప్పు ఇదే. ఆ తర్వాత చిన్న చిన్న దమ్ములు, మధ్యలో విరామం. వేడికి గిన్నెను పిడికిట్లో పట్టుకోలేకపోతే పక్కన పెట్టండి. ఆరితే మళ్లీ వెలిగించుకోవడం నామోషీ కాదు. ఆరకూడదని గబగబా లాగడమే మీ నాలుక మంటకు మూలం. ఇంకొక సంగతి, సీలింగ్ ఫ్యాను కిందా గాలి కొట్టే వసారాలోనూ పైపు తాగకండి. గాలికి నిప్పు ఒకవైపే రాజుకుని ఆ వైపు గోడ కాలుతుంది.

గుళగుళ మొదలైతే పైప్ క్లీనర్‌ను గొట్టంలోంచి గిన్నె అడుగుదాకా దూర్చి, కాసేపు ఉంచి తియ్యండి. వేడిగా ఉన్న పైపు గొట్టం మాత్రం ఊడదియ్యకండి, షాంక్ పగులుతుంది. తాగిన పైపుకు ఒక రోజన్నా విశ్రాంతి ఇవ్వండి.

మా తాతగారి పైపు దొరికింది. గొట్టం ఆకుపచ్చగా మారి కదలడం లేదు. గిన్నెలో వేలు పట్టనంత మసి. – కడప

ఆకుపచ్చగా మారిందంటే అది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. వెలుతురుకూ గాలికీ అట్లా అవుతుంది. ముందు గొట్టం కదలాలి. పైపును ప్లాస్టిక్ కవరులో చుట్టి అరగంట ఫ్రీజర్‌లో పెట్టి, బయటికి తీసి ఒకే దిక్కుకు మెల్లగా తిప్పండి. అటూ ఇటూ వంచితే లోపలి ముక్క విరుగుతుంది.

గిన్నెలో మసిపొర ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర ఉండాలి. అంతకు మించితే వేడికి మసి, చెక్క వేర్వేరుగా వ్యాకోచించి గిన్నె చిట్లుతుంది. మసి గీకే రీమర్ అనే పనిముట్టు లేకపోతే గుండ్రటి కర్రకు ఉప్పుకాగితం చుట్టి, నాలుగు తిప్పులకోసారి పొడి దులుపుతూ అరగదియ్యండి. కత్తి వద్దు, అడుగున చెక్క లేచిపోతుంది.

గొట్టాన్ని వేడినీళ్లలో పావుగంట ఉంచితే పాత మరక పైకి తేలుతుంది, పళ్ల గాట్లు కూడా కొంత ఉబికి సమమవుతాయి. తర్వాత తడి ఉప్పుకాగితం 400, 600, 1000, 2000 నంబర్లు వరసగా. షాంక్‌కు ఆనే అంచు దగ్గర ఉప్పుకాగితం తగలనివ్వకండి, ఆ అంచు గుండ్రమైతే ఎంత మెరిసినా అతుకు కనబడుతుంది. కంపెనీ ముద్ర మీద టేపు అంటించండి. చివర పూతకు ఆహారానికి వాడే మినరల్ ఆయిల్ మంచిది, కొబ్బరి నూనె కొన్నాళ్లకు కనరు వాసన వేస్తుంది. వెండి పట్టీ ఉంటే చింతపండుతో తోమకండి, పులుపు నీళ్లు చెక్కలోకి దిగుతాయి.

పైపు పొగ మింగం కదా, సిగరెట్టంత ప్రమాదం లేదంటారు. నిజమేనా? – ఆదోని

నిజం కాదు. మింగకపోయినా నికోటిన్ నోటి పొరల ద్వారానే ఎక్కుతుంది. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లకు పైపూ కారణమే, ఊపిరితిత్తులకూ మినహాయింపు లేదు. నోట్లో తెల్లమచ్చ గానీ రెండు వారాల్లో మానని పుండు గానీ ఉంటే డాక్టరుకు చూపించండి. మానేద్దామనుకుంటే ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 1800-11-2356.

మీర్‌షామ్ పైపును కూడా ఆల్కహాల్‌తో శుభ్రం చెయ్యొచ్చా? – హిందూపురం

వద్దు. అది టర్కీలో ఎస్కిషెహిర్ ప్రాంతంలో తవ్వే మెత్తటి రాయి, పైన తేనెమైనం పూత ఉంటుంది. తాగగానే ఆరనిచ్చి, లోపల మెత్తటి కాగితంతో తుడవండి. దీంట్లో మసిపొర అసలు కట్టనివ్వకూడదు. వేడిగా ఉన్నప్పుడు జిడ్డు చేతులతో పట్టుకుంటే వేలిముద్రలు అట్లాగే ఉండిపోతాయి.

రెండేళ్లు దాచిన వర్జీనియా ఫ్లేక్ మీద తెల్లటి పొడి లేచింది. పారెయ్యాలా? – తాడిపత్రి

భూతద్దంతో చూడండి. మెరిసే చిన్న చిన్న పలుకులైతే బూజు కాదు, నిశ్చింతగా ఉంచుకోండి, వర్జీనియా మాగిన కొద్దీ మెరుగవుతుంది. నూగులాగా ఉండి, దారాలు సాగి, తడి గోనెసంచి వాసన వస్తే బూజు. అప్పుడు సీసాలో ఉన్నదంతా పారెయ్యండి, పైపొర ఒక్కటీ తీసేస్తే చాలదు. వాషరు మార్చి, సీసాను మరిగే నీళ్లతో కడిగి ఎండబెట్టాకే మళ్లీ వాడండి.