మీ ప్రశ్నలు – మా సమాధానాలు: గుంటూరు ఎండ నుంచి ఎవరెస్ట్ చలి దాకా

సాహసయాత్రలు, దూరపు పరుగులు, సైకిల్ యాత్రల మీద సందేహాలు పంపమని గత సంచికలో కోరాము. వచ్చిన ఉత్తరాలలో నాలుగింటికి ఈ నెల సమాధానమిస్తున్నాను. రాసినవారంతా ఉద్యోగం, ఇల్లు, బాధ్యతలు ఉన్న మామూలు మనుషులే. పేర్లు వద్దన్నవారు ఉన్నందున అందరికీ పేట, ఊరు మాత్రమే వేస్తున్నాము.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాను. ఎవరెస్ట్ బేస్ క్యాంపు దాకా నడవాలని పదేళ్లుగా కోరిక. రోజూ ఉదయం నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. చుట్టూ పొలాలే ఉన్న ఊళ్లో ఉంటూ ఇలాంటి నడకకు సిద్ధం కావడం సాధ్యమేనా? ఇంట్లో చెబితే నవ్వుతున్నారు.
– పట్టాభిపురం, గుంటూరు

సమాధానం: సాధ్యమే. ఎనిమిది నుంచి పది నెలల సమయం పెట్టుకోండి. మలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ శిఖరం ఎక్కింది. ఆమెది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, రాయి ఎక్కడంలో తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి గుట్ట మీద. మంచు కొండను ఆ తరువాతే చూసింది. పైగా మీరు వెళ్లదలచింది శిఖరానికి కాదు, దాని పాదానికి. తాళ్లు, మంచుగొడ్డళ్లు అక్కరలేని నడకదారి అది. అయితే ఆ దారి చివర 5,364 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అక్కడ ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు మన గుంటూరులో అందేదానిలో దాదాపు సగమే.

కాబట్టి మీ సన్నాహాన్ని రెండుగా విడదీసి చూడండి. కాళ్ల బలాన్ని ఇక్కడే సంపాదించుకోవచ్చు. పలుచని గాలికి అలవాటుపడడం మాత్రం ఇక్కడ కుదరదు, అది అక్కడికి వెళ్లాక రోజుల తరబడి ఓపికగా జరగవలసిన పని.

కాళ్ల సంగతి ముందు చూద్దాం. మొదటి రెండు నెలలు నడక దూరాన్ని నెమ్మదిగా పెంచి, వారానికి ఒక రోజు 12 కిలోమీటర్లకు చేర్చండి. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు, మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. మూడో నెల నుంచి ఆదివారాలు మంగళగిరి పానకాల స్వామి మెట్లకు కేటాయించండి. మొదట ఒకసారి ఎక్కి దిగండి, తరువాత రెండుసార్లు, ఆ పైన మూడుసార్లు. వీపు సంచిలో బరువు కోసం నీళ్ల సీసాలు పెట్టుకోండి. మోకాళ్లు అలవాటుపడేదాకా పైకి చేరాక ఆ నీళ్లు ఏ చెట్టుకో పోసి ఖాళీ సంచితో దిగండి. ఎక్కడం గుండెకు పరీక్ష అయితే దిగడం తొడ కండరాలకూ మోకాళ్లకూ పరీక్ష. మన నేల మీద నడిచేవారు పట్టించుకోనిది ఈ దిగడాన్నే, బేస్ క్యాంపు నుంచి తిరిగివచ్చే మూడు నాలుగు రోజులలో కుంటేవారిలో ఎక్కువమంది దాన్ని సాధన చేయనివారే. ఆరో నెలలో కోటప్పకొండ, ఎనిమిదో నెలలో అలిపిరి నుంచి తిరుమల దాకా 3,550 మెట్లు ఎక్కి, మరునాడు కాళ్లు పట్టేయకుండా మళ్లీ రెండు గంటలు నడవగలిగితే మీ కాళ్లు సిద్ధమైనట్టు. కొత్త బూట్లు అక్కడికి తీసుకువెళ్లవద్దు, ఈ మెట్ల మీదే వాటిని లొంగదీసుకోండి.

ఇక గాలి సంగతి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో రెండో రాత్రి గడపాలని పర్వత వైద్యులు చెబుతారు. అందుకే 2,860 మీటర్ల ఎత్తున ఉన్న లుక్లాలో విమానం దిగినవారు 3,440 మీటర్ల నామ్చేలో రెండు రాత్రులు, 4,410 మీటర్ల దింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆగుతారు. సెలవు తక్కువగా ఉందని ఈ ఆగే రోజులను కోసివేసే యాత్ర పథకాన్ని ఎంత చవకగా ఇచ్చినా ఒప్పుకోకండి. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్రపట్టకపోవడం మొదటి హెచ్చరికలు. అవి ఉండగా ఒక్క అడుగు కూడా పైకి వేయకూడదు. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడక తూలుతున్నా ఉన్నచోట ఆగడం కూడా చాలదు, అది పగలైనా రాత్రైనా కిందికి దిగవలసిందే.

ఈ మాట నేను పుస్తకం చూసి రాయడం లేదు. కొన్నేళ్ల క్రితం ఇదే దారిలో లోబుచే అనే చోట, 4,940 మీటర్ల ఎత్తున, మాతో వచ్చిన తెనాలి ఉపాధ్యాయుడొకరు సాయంత్రం బల్ల మీద కూర్చుని బూటు తాడు కట్టుకోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఒక ముడి వేస్తారు, అది జారిపోతుంది, మళ్లీ మొదలుపెడతారు. నాలుగోసారికి ఆయన చేతులు ఆగిపోయి, తాడు వైపు అలాగే చూస్తూ ఉండిపోయారు. నేను బూటు మొనతో నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనించుకుంటూ దాని మీద నడవమన్నాను. మూడో అడుగుకే పక్కకు ఒరిగారు. ఆ రాత్రే టార్చిలైట్ల వెలుగులో ఆయనను ఇద్దరం చెరో పక్కన పట్టుకుని ఫెరిచే దాకా దించాము. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వారి చిన్న వైద్యశాల ఒకటి అక్కడ ఉంది. మరునాటి మధ్యాహ్నానికి ఆయన తన బూటు తాడు తానే కట్టుకున్నారు. ఆ ఏడాది మేము బేస్ క్యాంపు చూడలేదు. అందుకు నాకు ఈనాటికీ విచారం లేదు.

బయలుదేరే ముందు రక్తపోటు, చక్కెర, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. ఏళ్ల తరబడి మిరప ఘాటులో పనిచేస్తున్నారు కనుక ఊపిరితిత్తుల పరీక్ష కూడా తప్పనిసరి. ఎత్తుకు అలవాటుపడడానికి తోడ్పడే డయామాక్స్ మాత్రలు డాక్టరు రాస్తేనే వేసుకోండి, సల్ఫా మందులు పడనివారైతే ఆ మాట ముందే చెప్పండి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే మే నెల ద్వితీయార్ధానికి అక్కడ మబ్బులు మొదలవుతాయి కాబట్టి, యజమానిని ఒప్పించి అక్టోబరు, నవంబరులలో వెళ్లడం మేలు. మామూలు ఆరోగ్య బీమాలు చాలావరకు ఇంత ఎత్తులో హెలికాప్టర్ ఖర్చు భరించవు, పత్రంలో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో చదివి కొనండి. అప్పు చేసి మాత్రం వెళ్లవద్దు. డబ్బు కూడడానికి ఇంకో ఏడాది పడితే ఈలోగా ఉత్తరాఖండ్‌లోని 3,800 మీటర్ల కేదార్‌కంఠ ఎక్కి రండి, ఎత్తు మీద మీ శరీరం ఎలా ఉంటుందో తక్కువ ఖర్చుతో తెలుస్తుంది. ఇంట్లోవారి నవ్వు సంగతి అంటారా, ఒక ఆదివారం వారినీ మంగళగిరి మెట్లకు తీసుకువెళ్లండి.

ప్రశ్న: మేము నలుగురం స్నేహితులం. అందరికీ ఈత వచ్చు. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి, అక్కడి నుంచి ఆవలి ఒడ్డుకు ఈదాలనుకుంటున్నాము. ఎప్పటికైనా మన దేశానికీ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధి ఈదడం మా లక్ష్యం.
– భవానీపురం, విజయవాడ

సమాధానం: దయచేసి ఆ పని చేయకండి. ప్రకాశం బ్యారేజీ వెనుక నిలిచిన నీరు పైకి ఎంత ప్రశాంతంగా కనిపించినా, 70 గేట్లలో ఏది ఎప్పుడు ఎత్తుతారో మీకు తెలియదు, ఇసుక తీసిన గోతులు కనిపించవు, పడవ నడిపేవారికి నీటిలో ఉన్న తల కనిపించదు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ఇక్కడ ఎలా దూసుకుపోయిందో మీరు కళ్లారా చూసే ఉంటారు. 2021 మార్చిలో గోలి శ్యామల దాదాపు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాలలో ఈదారు. నడివయసులో ఈత మొదలుపెట్టిన ఆమె అనుమతులు తీసుకుని, పక్కన పడవ, అందులో సిబ్బంది ఉండగా నీటిలోకి దిగారు. మీరు ముందు ఈతకొలనులో ఆగకుండా ఐదు కిలోమీటర్లు ఈదగలిగే స్థితికి రండి. తరువాత శిక్షకుడు, రక్షక పడవ, అధికారుల అనుమతి ఉన్న పోటీలలోనే బయటి నీటిలోకి వెళ్లండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయినిని, 38 ఏళ్లు. డిసెంబరులో పూర్తి మారథాన్ పరుగెత్తాలని సాధన చేస్తున్నాను. ఏప్రిల్ చివరలో ఒకరోజు 21 కిలోమీటర్లు పరుగెత్తాను, రెండు గంటల ముప్పావు పట్టింది. ఎండదెబ్బ తగలకుండా ప్రతి కిలోమీటరుకూ ఒక గ్లాసు నీళ్లు తాగాను. అయినా చివరికి తలపోటు, వాంతి వచ్చాయి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. నీళ్లు ఇంకా తాగవలసిందని అందరూ అంటున్నారు.
– సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: మీరు వివరాలు జాగ్రత్తగా రాసినందువల్ల సమాధానం తేలికైంది. గ్లాసుకు 200 మిల్లీలీటర్ల చొప్పున లెక్కవేస్తే మూడు గంటలలోపే నాలుగు లీటర్లకు పైగా మంచినీళ్లు తాగారు. నీరు చాలకపోయిన మనిషికి ఉంగరం వదులవుతుందే తప్ప బిగుసుకోదు. చెమటలో ఉప్పు పోతుండగా ఉప్పులేని నీరు అతిగా చేరితే రక్తంలో సోడియం పలుచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగరులలో 13 శాతం మందికి సోడియం తగ్గినట్టు తేలింది, నెమ్మదిగా పరుగెత్తుతూ ఎక్కువగా తాగి, మొదలుపెట్టినప్పటికన్నా బరువు పెరిగి ముగించినవారికి ఆ ప్రమాదం ఎక్కువ. తీవ్రమైతే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. మీకు జరిగింది అదేనని ఉత్తరం చూసి నిర్ధారించలేను కానీ, ఇంకా తాగమనే సలహాను మాత్రం పాటించకండి, ఒకసారి డాక్టరును కలవండి.

ఇంట్లో ఉన్న తూకం యంత్రమే ఇందుకు మందు. పరుగుకు ముందు, తరువాత తడి బట్టలు మార్చుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే, తాగినదానికి పైగా మరో లీటరు పోయినట్టు. కొంచెం తగ్గడం సహజం, పెరగడం మాత్రం ఎప్పుడూ తప్పే. దాహం వేసినప్పుడు తాగండి. గంట దాటిన పరుగులో నీళ్లకు బదులు ఓఆర్ఎస్ కలుపుకోండి, లేదా ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మీ కడుపుకు పడుతుందేమో సాధనలోనే చూసుకోండి. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఒక అరటిపండు, ఒక చిన్న బెల్లం పల్లీ పట్టీ కలిస్తే సుమారు ఆ కింది అంకెకు చేరతారు.

మన కృష్ణా తీరంలో ఇంకో చిక్కు ఉంది. గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందువల్ల రోహిణి కార్తెలో తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరినా సరే, చలికాలపు వేగాన్ని ఆశించకండి, గడియారం పక్కన పెట్టి శ్వాసను బట్టి పరుగెత్తండి. కొత్తగా వేడికి అలవాటుపడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. తోటి పరుగరి మాటలు తడబడుతున్నా, మనిషి అయోమయంగా ఉన్నా అది వడదెబ్బగానే భావించండి. పరుగులో వచ్చే వడదెబ్బలో ఒళ్లు చెమటతో తడిగానే ఉండవచ్చు, అది చూసి మోసపోవద్దు. 108కి ఫోన్ చేయండి, కానీ అది వచ్చేదాకా చూస్తూ నిలబడకండి. నీడకు చేర్చి, దొరికినంత చల్లని నీటితో ఒళ్లంతా తడుపుతూ, విసురుతూ ఉండండి. ముందు చల్లబరచడం, తరువాతే తరలించడం.

ప్రశ్న: మా అబ్బాయికి 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సైకిల్ మీద 200, 300, 400 కిలోమీటర్ల బ్రెవేలనే దూరపు యాత్రలు పూర్తిచేశాడు. వచ్చే నెల 600 అంటున్నాడు, 40 గంటలలో ముగించాలట. రాత్రంతా లారీల మధ్య హైవే మీద ఉంటాడంటే నాకు అన్నం సహించడం లేదు. వద్దని చెప్పవచ్చా?
– పటమట, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ భయం అకారణమైనది కాదు. అయితే బ్రెవే పందెం కాదని ముందు తెలుసుకోండి. అందులో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు, గడువులోగా కంట్రోల్ పాయింట్ల దగ్గర హాజరు వేయించుకుంటూ ముగించడమే లెక్క. 200కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. ఈ నాలుగూ ఒకే ఏడాదిలో పూర్తిచేసినవారిని సూపర్ రాండనర్ అంటారు, మీ అబ్బాయి మనసు దాని మీద ఉండి ఉంటుంది. 400 పూర్తిచేసినవాడు ఒక రాత్రి దారిని ఇప్పటికే చూసినవాడు.

వద్దని చెప్పే బదులు మూడు విషయాలు అడగండి. ఎక్కడ పడుకుంటావు అన్నది మొదటిది. గంటకు 22 కిలోమీటర్ల చొప్పున తొక్కితే 600 కిలోమీటర్లకు సుమారు 27 గంటలు చాలు, మిగిలిన పన్నెండు గంటలకు పైబడిన సమయంలో మూడు నాలుగు గంటల నిద్రకు చోటుంది. ఆ చోటు ఏ ఊళ్లోనో, ఏ లాడ్జిలోనో అతడు ఇప్పుడే చెప్పగలగాలి. రాత్రి రెండు నుంచి ఐదు దాకా రెప్ప వాలేది సైకిల్ మీద ఉన్నవాడికే కాదు, లారీ నడిపేవాడికీ అంతే. ఆ వేళ నిద్ర ముంచుకొస్తే ధాబా నులక మంచం మీద అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు ఒరగడం ఓటమి కాదు. రెండోది, వెలుగు. ముందూ వెనుకా రెండేసి దీపాలు, మెరిసే జాకెట్టు, అదనపు బ్యాటరీ ఉన్నాయా? మూడోది, ముగిశాక ఇంటికి ఎలా వస్తావు? నేను అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఈ చివరిదానికే, ఎందుకంటే 40 గంటలు జాగ్రత్తగా తొక్కినవాడు ఆ తరువాత బైకు మీదో, తానే నడిపే కారులోనో ఇంటికి బయలుదేరి కునుకు తీసే ప్రమాదం ఉంది. ముగింపు చోటికి ఎవరో ఒకరు వెళ్లి తీసుకురండి, సోమవారం సెలవు పెట్టించండి.

మూడింటికీ సూటిగా జవాబు చెబితే వెళ్లనివ్వండి. ఒక్కదానికి తడబడినా ఈసారికి ఆగమని చెప్పే హక్కు మీకుంది, 600 బ్రెవేలు మళ్లీ వస్తాయి. దారిలో ఫోన్ చేస్తూ ఉండవద్దు, సైకిల్ మీద ఫోన్ తీయడం కూడా ప్రమాదమే. కంట్రోల్ పాయింట్ చేరినప్పుడల్లా ఒక సందేశం పెట్టమనండి. తిరిగి వచ్చాక ముందు పెరుగన్నం పెట్టి పడుకోనివ్వండి. మూత్రం నల్లని టీ రంగులో వస్తోందంటే మాత్రం నిద్ర సంగతి తరువాత, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.